నవ్వు కింద పేరు

పెనం మీద పెసరట్టు తిరగేసేసరికి గాలిలో సన్నని అక్షరాలు మెరిశాయి. "అల్లం ఇలా తరిగే పద్ధతి: భ్రమరాంబ, పిఠాపురం, 2061." తారకేశ్వరి వాటిని చదవలేదు. కాకినాడలో ఎవరూ చదవరు. గోడకు వేసిన రంగు మీద, జడ అల్లిక మీద, ఆఖరికి పక్కింటాయన చెప్పే జోకు మీద కూడా ఎవరో ఒకరి పేరు వేలాడుతూనే ఉంటుంది. ఆ పేర్ల సందుల్లోంచి లోకాన్ని చూడడం అందరికీ చిన్నప్పుడే అలవాటైపోతుంది.

"అమ్మా, నిన్న మా టీచరు రెండు కాళ్ళకీ రెండు రకాల చెప్పులు వేసుకొచ్చేశారు. సాయంత్రం దాకా చూసుకోలేదు!" అంది సిరిమల్లి. ఆ పిల్లకు ఏడేళ్ళు. తను చెప్పిన మాటకు తనకే నవ్వొచ్చి, తల పక్కకు తిప్పి నవ్వింది.

ముఖం మాయమైంది.

రెండు జడలున్నాయి. ఎర్ర రిబ్బన్లున్నాయి. మెడ, కాలరు, పెసరట్టు ముక్క పట్టుకున్న చెయ్యి, అన్నీ ఉన్నాయి. నుదుటి నుంచి గడ్డం దాకా మాత్రం బూడిదరంగు పొగ కమ్ముకుంది. ఆ పొగలోంచి కిలకిలా నవ్వు వినిపిస్తోంది. తారకేశ్వరి చేతిలోని అట్లకాడ కింద పడింది. ఆ చప్పుడుకు పిల్ల ఉలిక్కిపడి నవ్వు ఆపింది. ఆపగానే ముఖం ఎప్పటిలా తిరిగి వచ్చింది.

"ఏంటమ్మా? ఎందుకలా చూస్తున్నావు?"

పొగ చెదిరిపోయిన చోట, పిల్ల గడ్డం కింద, ఒక వాక్యం ఇంకా ఆరిపోకుండా ఉంది. "ఈ నవ్వు స్వర్ణపటల సంస్థ సొత్తు. అనుమతి లేనందున తెర వేయబడింది."

ఆ తెర వేసింది మూలదర్శి. ఐదో ఏడు నిండగానే ప్రతి పిల్లకూ కళ్ళ మీద కంటిపొర అతికిస్తారు. పాఠాలు, వైద్యం, దారి చూపే గుర్తులు అన్నీ దాని మీదే నడుస్తాయి కాబట్టి అది లేనివాళ్ళు గుడ్డివాళ్ళకింద లెక్క. కంటిపొరలన్నింటి వెనకా కూర్చుని, కంటబడిన ప్రతిదానికీ మొదటి యజమాని ఎవరో వెతికి పేరు చూపించేది మూలదర్శి. అనుమతి లేని వస్తువు కనబడితే దాని మీద తెర దించుతుంది. దీన్ని ఎవరో పైనుంచి రుద్దలేదు, జనమే కోరి తెచ్చుకున్నారు. ఒకరి ముఖం ఇంకొకరు, ఒకరి గొంతు మరొకరు ఎత్తుకుపోయి వీడియోలు చేసుకున్న రోజుల్లో దొంగెవరో దొరెవరో తెలియక జనం విసిగిపోయారు. మూలదర్శి వచ్చిన ఏడాది వీధుల్లో టపాకాయలు కాల్చారు. తారకేశ్వరి తల్లి కూడా కాల్చిందట.

పొగ ఎందుకు కమ్మిందో తారకేశ్వరికి తెలుసు. తెలియనట్టు మనసును మభ్యపెట్టుకుందామంటే కుదరడం లేదు. రెండు నెలల కిందట తాను గుచ్చిన దండే దీనికి కారణం.

దండ అంటే అభిమానులు చేసుకునే చిన్న వీడియో. పాత సినిమాల్లోంచి నచ్చిన ముక్కలు పూలలా ఏరి, ఒక పాట చుట్టూ గుచ్చి, నలుగురితో పంచుకుంటారు. తారకేశ్వరి చిన్ననాటి నుంచీ అపరంజి అనే నటికి వీరాభిమాని. అపరంజి పోయి పాతికేళ్ళయింది. ఆమె సినిమాలన్నీ తీసిన స్వర్ణపటల సంస్థ గోదాములోకి ఓ తుఫానులో నీరు చేరి, చాలా చోట్ల రెండేసి సెకన్ల బొమ్మ చెరిగిపోయింది. అలాంటి కొరత తగిలినప్పుడు అభిమానులు తమ ఇంట్లోవాళ్ళతోనే ఆ ముక్క నటింపజేసి అతుకు వేస్తారు. అతుకు ఎక్కడుందో ఎవరూ కనిపెట్టలేకపోవడమే వాళ్ళలో పెద్ద మెప్పు.

ఆమె దండలో కొరత, అపరంజి తల తిప్పి నవ్వే చోట పడింది. అక్కడ సిరిమల్లిని పెట్టింది. పిల్ల ముఖానికి కాస్త వయసు పెంచి, వెలుగు సరిచేసి అతికించింది. అభిమాన మండలిలో ఒక్కరు కూడా కనిపెట్టలేదు. ఆ రోజు ఆమె ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

*

పొగ కమ్మిన ఆ రోజు పిల్లను బడికి పంపకుండా ఉండవలసింది. పంపింది. దించేటప్పుడు మాత్రం, "ఇవాళ నవ్వకు తల్లీ, పంటి డాక్టరు వద్దన్నారు," అని నోటికొచ్చిన అబద్ధం చెప్పింది.

మధ్యాహ్నం మూడున్నరకు బడి వదిలారు. తారకేశ్వరి రోడ్డుకు ఇవతల నిలబడి ఉంది. గేటు దగ్గర సిరిమల్లి తల్లిని చూసింది. పిల్లలు తల్లిని చూడగానే ఏం చేస్తారో అదే చేసింది. నవ్వుతూ రోడ్డు మీదికి దిగింది.

అటునుంచి సరుకుల బండి వస్తోంది. మనిషి నడిపేది కాదు. అలాంటి బండ్లు ఎదురుగా ముఖం కనబడితే మనిషి అనుకుని ఆగుతాయి, ముఖం లేని ఆకారం కనబడితే గాలికి ఎగిరొచ్చిన గోనెసంచి అనుకుని సాగిపోతాయి. వాటి కళ్ళ వెనక కూర్చున్నదీ మూలదర్శే. బండి వేగం ఏమాత్రం తగ్గలేదు.

"మల్లీ! నవ్వకే!" అని అరిచింది తారకేశ్వరి. ఆగు అని అరవలేదు, నవ్వకు అని అరిచింది. అది ఆమెకు తర్వాత చాలా రోజులు గుర్తొచ్చింది.

గేటు దగ్గరున్న ఆయమ్మ పుస్తకాల సంచి పట్టుకుని పిల్లను వెనక్కి గుంజింది. బండి గాలికి ఎర్ర రిబ్బను ఊడి ఎగిరింది.

"అయ్య బాబోయ్, ఈ బండికేం మాయరోగం! పిల్లని చూసి కూడా ఆగలేదేంటండీ?" అని ఆయమ్మ గుండెలు బాదుకుంది. తారకేశ్వరి రోడ్డు మీదే చతికిలబడి పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. 

అక్కడినుంచి నేరుగా బుచ్చివెంకయ్య మాస్టారింటికి వెళ్ళింది. ఆయన ఒకప్పుడు డ్రాయింగు మాస్టారు. ఇప్పుడు డెబ్బై దాటాయి. అపరంజి అభిమాన మండలికి పెద్ద. తారకేశ్వరికి దండ గుచ్చడం నేర్పింది ఆయనే.

అంతా విని ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. కంటిపొర ఉన్నా కళ్ళజోడు వదలని మనిషి ఆయన.

"అతుకులో ముఖం పెట్టావా?"

"పెట్టానండి."

"చెయ్యి పెట్టుకోమన్నాను, పాదం పెట్టుకోమన్నాను. వెనక్కి తిరిగిన జడ పెట్టుకోమన్నాను. ముఖం మాత్రం పెట్టకూడదని చెప్పానా లేదా?"

"చెప్పారండి. అచ్చం అపరంజిలా నవ్విందండి మాస్టారూ. వదులుకోబుద్ధి కాలేదు."

సిరిమల్లి గడప దగ్గర కూర్చుని, ఊడిన జడను వేళ్ళతో చిక్కు తీసుకుంటోంది.

"దండ చివర ఏం రాశావు?"

"అందరం రాసేదేనండి. ఇందులోని సర్వహక్కులూ అసలు యజమానులవే, మాది అభిమానం మాత్రమే అని."

"అదేనమ్మా కొంప ముంచింది." ఆయన గొంతు తగ్గించారు. "నలభై ఏళ్ళుగా రాస్తున్నాం ఆ మాట. ఒకరింటికి వెళ్ళినప్పుడు గుమ్మం దగ్గర చెప్పులు విడిచినట్టు, మర్యాదకి రాస్తున్నాం. అది రాస్తే మన జోలికి ఎవరూ రారని ఒక ధీమా. మొన్న ఉగాది నుంచి మూలదర్శి పాత దండలు ఒక్కొక్కటిగా తిరగేస్తూ దాన్ని దస్తావేజులా చదువుతోందట. దండలో ఉన్నదంతా యజమానికి రాసిచ్చేశామని దాని లెక్క. మా చేతులూ పాదాలూ పోతే పోయాయి, చెయ్యిని చూసి ఎవరూ మనిషిని పోల్చుకోరు కదా. నువ్వు పిల్ల నవ్వు రాసిచ్చేశావు."

"దండ తీసేశానండి. పొద్దున్నే తీసేశాను."

"నీ చోట తీసేశావు. లక్షల మంది పంచుకున్నారు దాన్ని. ఒక్కరూ నీ పేరు పెట్టలేదు. మనమూ పెట్టుకోం కదా, గుచ్చినవాళ్ళ పేరు దండ మీద ఉండకూడదని గొప్పగా నియమం పెట్టుకున్నాం. నీ పేరుండి ఉంటే ఇది నాది అని అడగడానికి ఏదో ఒక పట్టు దొరికేది."

"ఆ సంస్థవాళ్ళనే బతిమాలుకుంటానండి. చిన్నపిల్ల కదా, అనుమతి ఇవ్వకపోరు."

"ఇవ్వడానికి అక్కడ మనుషులుంటే కదమ్మా. స్వర్ణపటల మూతపడి పదకొండేళ్ళు. హక్కులు మాత్రం బతికే ఉన్నాయి."

తారకేశ్వరి అయినా ప్రయత్నించింది. ఎన్నిసార్లు విన్నవించినా ఒక తియ్యని యంత్రపు గొంతు, "మీ అభిమానానికి ధన్యవాదాలు," అంటుంది. అంతే. చివరికి మూలపరిశీలన కార్యాలయంలో అర్జీ పెట్టుకుంది. విచారణకు నాలుగు నెలల తర్వాత తేదీ ఇచ్చారు.

నాలుగు నెలలు. రోజుకు ఎన్నిసార్లు నవ్వుతుంది ఏడేళ్ళ పిల్ల? తారకేశ్వరి ఒకరోజు లెక్కపెట్టడం మొదలుపెట్టి, పొద్దున పదింటికే భయమేసి మానేసింది.

*

"ఇదొక ఆట తల్లీ," అని చెప్పింది. "నవ్వొస్తే ముందు నా వంక చూడాలి. నేను తల ఊపితే నవ్వాలి. ఊపకపోతే పెదాలు బిగబట్టి ఒకటి నుంచి ఇరవై దాకా అనుకోవాలి."

"నువ్వు లేనప్పుడో?"

"నేను లేనప్పుడు అసలు నవ్వకూడదు."

మొదటి వారం పిల్ల ఓడిపోతూనే ఉంది. ట్రాములో ఎవరో తుమ్మితే నవ్వేది. తారకేశ్వరి చెయ్యి ఠక్కున వెళ్ళి ఆ నోరు మూసేది. ఒకసారి మరీ గట్టిగా మూసింది, పెదవి పంటికి తగిలి చిట్లింది. ఆ పూట తల్లీ కూతురూ ఇద్దరూ ఏడ్చారు. రెండో నెలకు పిల్లకు ఆట వచ్చేసింది. మాట్లాడేటప్పుడు కూడా పళ్ళు కనబడనిచ్చేది కాదు. నవ్వు లోపల ఎక్కడో పుట్టగానే కళ్ళు తల్లి ముఖం మీదికి పరిగెత్తేవి. ఇంట్లో తలుపులు వేసి ఉన్నప్పుడు తారకేశ్వరి తల ఊపేది. అప్పుడు పిల్ల నవ్వేది. తల్లికి మాత్రం పొగే కనిపించేది. ఆ పొగ లోపల బుగ్గన సొట్ట పడుతోందా, ఊడిన పన్ను చోట కొత్తది మొలుస్తోందా అని ఊహించుకునేది.

సముద్రంలో గాలిమరల మీద పనిచేసే భర్త దొరబాబు పదిహేను రోజులకోసారి ఇంటికి వస్తాడు. మూడో నెలలో వచ్చినప్పుడు, కూతురి ముందు కోతిలా గెంతాడు, పిల్లిలా అరిచాడు. సిరిమల్లి తండ్రిని చూడనే లేదు. తల తిప్పి వంటగదిలో ఉన్న తల్లి కోసం వెతికింది.

"ఏమే తారకా," అన్నాడతను, ముఖం కందగడ్డలా చేసుకుని. "ఇది నవ్వడానికి నీ వంక చూస్తోందే! ఏం చేసేశావు పిల్లని?"

"బండి కింద పడకుండా చేశాను. అంతకన్నా నాకింకేమీ తెలియదండీ."

"భయంగా ఉందే నాకు."

"నాకు లేదనుకుంటున్నారా?"

దొరబాబు కూతురి తల నిమిరి బయటికి వెళ్ళిపోయాడు.

*

విచారణ గదిలో తెరలు పనిచెయ్యవు. అది అక్కడి నియమం. గది గోడల నిండా మూలదర్శి కళ్ళున్నాయి, మనుషుల కంటిపొరలు మాత్రం లోపలికి అడుగుపెట్టగానే నిద్రపోతాయి. తారకేశ్వరికి ఒక్కసారిగా లోకమంతా బోసిగా కనిపించింది. కుర్చీ మీద పేరు లేదు. అధికారిణి చీర అంచు మీద పేరు లేదు.

ఆ అధికారిణి పేరు మృణాళిని. నడివయసు మనిషి, మెత్తగా మాట్లాడుతుంది. "భయపడకండమ్మా," అంది. "పాప నవ్వు పాపదేనని, అపరంజి గారి నుంచి తీసుకున్నది కాదని తేలితే చాలు. ఎదురుగా బొమ్మలాట పెడతాం. నవ్వొచ్చినప్పుడు నవ్వుతుంది. నవ్వు ఎక్కడ పుట్టి ఎలా పాకుతోందో మూలదర్శి చూస్తుంది. మీరు ఆ మూల కూర్చోండి. పిలవకండి, మాట్లాడకండి."

ఎదుట బొమ్మలాట మొదలైంది. పొట్ట పెద్దదైన తోలుబొమ్మ ఒకటి వచ్చి, తన తలపాగా తానే తొక్కుకుని బోర్లా పడింది. లేచి మళ్ళీ పడింది. సిరిమల్లి బుగ్గలు అదిరాయి. వెంటనే పెదాలు బిగబట్టి, తల తిప్పి మూలనున్న తల్లిని చూసింది.

తారకేశ్వరి కదలకుండా కూర్చుంది. నవ్వు తల్లీ, ఇక్కడ పరవాలేదు, నన్ను చూడకు అని మనసులోనే మొత్తుకుంది. పిల్ల పెదాలు కదులుతున్నాయి. ఒకటి, రెండు, మూడు అని అనుకుంటోంది. ఇరవై దాకా వెళ్ళి మళ్ళీ బొమ్మ వైపు తిరిగింది.

అలా అరగంట గడిచింది. బొమ్మ పడుతూనే ఉంది. పిల్ల నవ్వలేదు.

"ఇంక పది నిమిషాలేనమ్మా ఉన్నది," అంది మృణాళిని బాధగా. "నవ్వకపోతే అర్జీ కొట్టేస్తారు. మళ్ళీ పెట్టుకోవడానికి ఉండదు."

ఆ మాట చెవిన పడగానే తారకేశ్వరికి మళ్ళీ ఆ రోడ్డు కనిపించింది, ఆ బండి కనిపించింది. సిరిమల్లి మరోసారి ఆమె వైపు చూసింది. తారకేశ్వరి తల ఊపింది.

పిల్ల నవ్వింది.

నాలుగు నెలల తర్వాత కూతురి నవ్వు చూసింది తారకేశ్వరి. ఎడమ బుగ్గన సొట్ట పడింది. ముందు పన్ను సగం మొలిచింది, కొంచెం వంకరగా ఉంది. పన్ను వంకరగా వస్తోందని ఇన్నాళ్ళూ తనకు తెలియనే లేదు. కళ్ళ నీళ్ళు ధారలు కట్టాయి. ఇంకోసారి చూడాలనిపించి మళ్ళీ తల ఊపింది. పిల్ల మళ్ళీ నవ్వింది. ఆ పది నిమిషాలూ మృణాళిని చెప్పిన జాగ్రత్తలన్నీ మరిచిపోయి, ఆకలిగొన్న మనిషి తిన్నట్టు ఆ నవ్వును చూసుకుంది.

బొమ్మలాట ఆగింది. ఎదుటి బల్ల మీద అక్షరాలు వెలిగాయి. మృణాళిని వాటిని చదివింది. ఆమె ముఖం ముందు విప్పారింది. "గెలిచారమ్మా. ఈ నవ్వు అపరంజిది కాదు. స్వర్ణపటలకు దీని మీద ఏ హక్కూ లేదు. ఇవాళ్టితో తెర తీసేస్తారు."

తారకేశ్వరి రెండు చేతులూ జోడించింది. మృణాళిని మాత్రం ఇంకా చదువుతోంది. కనుబొమలు ముడిపడ్డాయి. చదివిందే మళ్ళీ చదివింది.

"ఏంటండీ?"

"మూలకర్త పేరు దగ్గర..." ఆమె ఆగింది. "మీ పేరు వచ్చిందమ్మా."

"నా పేరేంటండీ? నవ్వింది అది కదా!"

"పాప పదకొండు సార్లు నవ్వింది. పదకొండు సార్లూ ముందు మీ తల కదిలింది, తర్వాతే నవ్వు పుట్టింది. మీ తల కదలకుండా ఒక్కసారి కూడా పుట్టలేదు. మొదట ఎక్కడ పుట్టిందో అక్కడే మూలం. దాని లెక్క అది. ఈ నవ్వు రూపకల్పన మీదేనని రాసింది."

"తప్పండీ! నేను ప్రాణభయంతో నేర్పానండీ అది!"

"నేర్పానని మీరే అంటున్నారు కదమ్మా." మృణాళిని తల దించుకుంది. "నేను రాసేదేమీ లేదు. అది చూపించింది చదవడమే నా ఉద్యోగం."

"అయితే ఆ హక్కు దానికే రాసిచ్చేస్తాను. ఎక్కడ సంతకం పెట్టమంటారు?"

"పద్దెనిమిదేళ్ళు నిండేదాకా పిల్లల పేర హక్కు నిలవదమ్మా. అందాకా మీరే అనుమతి ఇస్తూ ఉండాలి."

"ఎప్పటికీ అనుమతేనని ఒక్కసారే ఇచ్చేస్తానండీ."

"ముఖాలకు శాశ్వత అనుమతి లేదు. పూర్వం అలా రాయించుకుని చాలామందిని మోసం చేశారని తీసేశారు. ఎప్పటికప్పుడు ఇవ్వవలసిందే, లేకపోతే మళ్ళీ తెర పడుతుంది." ఆమె సిరిమల్లి వైపు చూసి గొంతు సవరించుకుంది. "కష్టమేమీ కాదు. మీరు తల ఊపితే చాలు, అదే అనుమతిగా తీసుకుంటుంది."

*

ఇంటికి వెళ్ళే ట్రాములో సిరిమల్లి కిటికీ పక్కన కూర్చుంది. ఎదురు బెంచీలో పెద్దాయన ఒకరు చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నారు. పేర్లన్నీ మళ్ళీ తిరిగొచ్చాయి. బెంచీ మీద, కిటికీ చువ్వ మీద, పెద్దాయన మీసకట్టు మీద ఎవరెవరివో పేర్లు వేలాడుతున్నాయి.

మెయిన్ రోడ్డు మలుపులో జీళ్ళ బండి పక్కన ఒక మేక, బండివాడి తువ్వాలు నోట కరుచుకుని పరుగు తీస్తోంది. వాడు దాని వెనక పడ్డాడు. సిరిమల్లి పెదవి చివర కొంచెం కదిలింది. తారకేశ్వరి కంటి ముందు అక్షరాలు నిలిచాయి. "మీ నవ్వు మొదలు కాబోతోంది. అనుమతిస్తారా?"

నన్ను చూడకుండా నవ్వు తల్లీ, ఒక్కసారి చూడకుండా నవ్వు అని ఆమె ప్రాణం కొట్టుకుంది. మేక మలుపు దాటిపోతోంది. సిరిమల్లి కిటికీ వదిలి తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, ఇప్పుడు నవ్వొచ్చా?"

"నవ్వమ్మా," అంది తారకేశ్వరి. "నువ్వు ఎప్పుడు కావాలంటే అప్పుడు నవ్వు. ఇంక ఆట అయిపోయింది."

సిరిమల్లికి ఆ మాట అర్థమైనట్టు లేదు. ఓపిగ్గా చూస్తూనే ఉంది. ట్రాము ముందుకు సాగింది. ఇంక తప్పక తారకేశ్వరి తల ఊపింది.

మేక లేని కిటికీ వైపు తిరిగి పిల్ల నవ్వింది. పొగ లేదు. సొట్ట పడింది, సగం మొలిచిన పన్ను కనిపించింది. గడ్డం కింద చిన్న అక్షరాలు మెరిశాయి. "మూలకర్త: తారకేశ్వరి, కాకినాడ."

ఎదుటి పెద్దాయన కళ్ళు చికిలించి ఆ అక్షరాలు చదివారు. చదివి, తారకేశ్వరి వైపు తిరిగి మెచ్చుకోలుగా తల పంకించారు.

"చాలా చక్కగా చేశారమ్మా," అన్నారు. "అచ్చం నిజం నవ్వులాగే ఉందండి."

సిరిమల్లి ఇంకా నవ్వుతూనే ఉంది. ఎప్పుడు ఆపాలో చెబుతుందేమోనని తల్లి ముఖంలోకి చూస్తోంది.